నెమ్మదిగా కుట్టే బలం: దీవుల్లో పాత మిషనుకు కొత్త మోటారు

పాత కుట్టు మిషనుకు మోటారు బిగించడమంటే దాని వేగం పెంచడమేనని సాధారణంగా అనుకుంటారు గాని, రోజంతా మిషను ముందు కూర్చునే దర్జీకి నిజంగా కావలసింది వేగం కాదు. మందమైన అతుకు మీద సైతం సూది ఆగిపోకుండా, ఎగిరిపడకుండా, కాలు చెప్పినన్ని కుట్లే వేయడం. జాకెట్టు మెడ వంపు తిప్పేటప్పుడు, చంక దగ్గర నాలుగు పొరలు ఒకచోట కలిసేటప్పుడు, పైపింగు తాడును ఆనుకొని కుట్టు పోవలసి వచ్చినప్పుడు, నిమిషానికి వెయ్యి కుట్లు వేయగల సామర్థ్యం ఎందుకూ కొరగాదు. అక్కడ అక్కరకు వచ్చేది నిమిషానికి అరవై కుట్ల నిదానంలోనూ సూదికి తగ్గని బలం. పాత మిషనుకు మోటారునూ దాని పెడలునూ మార్చడమనే పనిని ఈ బలాన్ని సంపాదించే పనిగా చూస్తేనే ఏ భాగం మార్చాలో, ఏది ఉంచుకోవాలో స్పష్టమవుతుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ పనికి మరి రెండు చిక్కులు తోడవుతాయి: ఇనుమునూ రాగినీ ఒకేలా తినే ఉప్పుగాలి ఒకటి, ప్రధాన భూభాగపు గ్రిడ్డుతో సంబంధం లేకుండా దీవుల్లోనే పుట్టి దీవుల్లోనే ఖర్చయ్యే విద్యుత్తు రెండవది.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనాభా 3,80,581 కాగా, అందులో సుమారు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పుకొన్నారు; బెంగాలీ, హిందీ, తమిళాల తరవాతి స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకూ కూలిపనులకూ చిన్న వ్యాపారాలకూ వలస వచ్చిన కుటుంబాలు ఇందులో ఎక్కువ. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు కోల్‌కతా, చెన్నై, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలు నడుస్తాయి. బియ్యం, సిమెంటు, మందులతోపాటు మోటారు బెల్టూ కర్బన బ్రష్షూ కూడా నీటి మీదుగానో గాలి మీదుగానో రావలసిందే. కనుక ఇక్కడ పాత యంత్రాన్ని బాగుచేసి వాడుకోవడం పొదుపు మాత్రమే కాదు, పని ఆగకుండా చూసుకొనే మార్గం కూడా.

బాగుచేయడానికి తగినంత గట్టితనం ఆ పాత మిషన్లలో ఉంది. ఐజాక్ మెరిట్ సింగర్ అమెరికాలో 1851లో తీసుకొన్న పేటెంటుతో, సూది నిలువుగా దిగడం, బట్ట బల్ల మీద పరుచుకొని ఉండడం, కాలితో తొక్కి నడపడం అనే ఏర్పాటు స్థిరపడింది. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు కర్మాగారం నుంచి సింగర్ మిషన్లు భారతదేశానికి పెద్ద సంఖ్యలో వచ్చాయి; 1930లలో కలకత్తాలోని జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ ఉషా పేరుతో దేశంలోనే వాటి తయారీ ప్రారంభించింది. యంత్రాల మీద గాంధీజీకి ఉన్న అభ్యంతరాలకు మినహాయింపు దొరికింది కూడా కుట్టు మిషనుకే. 1924లో యంగ్ ఇండియాలో అచ్చయిన ఒక సంభాషణలో ఆయన సింగర్ మిషనును ఉపయోగకరమైన యంత్రాల కోవలో పేర్కొన్నారు. బంగారు రంగు అక్షరాలతో నల్లగా మెరిసే ఆ పోత ఇనుప మిషన్ల లోపలి భాగాలన్నీ ఉక్కువీ ఇనుమువీ కావడం వల్ల, నూనె పడుతున్నంతకాలం అవి రెండు మూడు తరాలు పనిచేస్తాయి. వాటికి బిగించిన మోటార్లకు మాత్రం అంత ఆయుష్షు లేదు, ఎందుకంటే మోటారులో ఇనుముతోపాటు రబ్బరు, కాగితం, వార్నిష్ వంటి త్వరగా ముసలివయ్యే పదార్థాలు ఉంటాయి.

కొత్త మోటారు దేనికి బదులుగా వస్తోందో తెలియాలంటే ముందు కాలి మిషనును అర్థం చేసుకోవాలి. దర్జీ పాదాలు ఆనే ఇనుప పలక ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి తగిలించిన నిలువు కడ్డీ ఆ ఊపును కింది పెద్ద చక్రపు భ్రమణంగా మారుస్తుంది. ఆ చక్రం మీది గాడిలో నుంచి తోలు బెల్టు పైకి వెళ్లి మిషను తల పక్కనున్న చేతి చక్రాన్ని తిప్పుతుంది. పెద్ద చక్రపు వ్యాసం సుమారు 30 సెంటీమీటర్లు, చేతి చక్రపు గాడి వ్యాసం 7 సెంటీమీటర్లు అనుకుంటే, పలక ఒక్కసారి ఊగినప్పుడు సూది నాలుగు సార్లకు పైగా దిగి లేస్తుంది. నిమిషానికి 120 ఊపులు వేసే అలవాటైన కాలు ఈ లెక్కన 500 కుట్లు వేయగలదు. ఇళ్లలో జరిగే పనికి ఇది చాలినంత వేగమే. అంతకన్నా విలువైన గుణం మరొకటి దీనిలో ఉంది: కాలికీ సూదికీ మధ్య ఇనుమూ తోలూ తప్ప మరేమీ లేకపోవడం వల్ల, సూదికి తగిలిన అడ్డు వెంటనే పాదానికి తెలుస్తుంది, పాదం ఆ క్షణమే బలం పెంచుతుంది.

ఈ అమరికలో కింది పెద్ద చక్రం చేసే పని కంటికి కనిపించదు. తిరుగుతున్న బరువైన చక్రం తనలో గతిజశక్తిని, అంటే కదలిక వల్ల కలిగే శక్తిని, నిలవ ఉంచుకొంటుంది. సూది బట్టలో గుచ్చుకొనే క్షణంలో ఒక్కసారిగా కావలసిన బలం చాలావరకు ఈ నిలవలో నుంచే వస్తుంది, కాలి తొక్కుడు నుంచి నేరుగా కాదు. ఆ నిలవ భ్రమణ వేగపు వర్గంతో మారుతుంది. వేగం సగానికి తగ్గితే శక్తి నాలుగో వంతుకు, వేగం పదో వంతుకు తగ్గితే శక్తి నూరో వంతుకు పడిపోతుంది. జీన్స్ ప్యాంటు అంచు మడిచి నిదానంగా కుడుతున్నప్పుడు పక్క కుట్టు గుట్ట దగ్గరికి రాగానే మోటారు మిషను ఎందుకు మూలిగి ఆగిపోతుందో, అదే మిషను వేగంగా వెళ్లినప్పుడు ఆ గుట్టను ఎలా దాటుతుందో ఈ వర్గసూత్రమే చెబుతుంది. మోటారు బిగించి కింది చక్రపు బెల్టు తీసేసిన రోజున ఆ మిషను తన శక్తి నిలవలో అధికభాగాన్ని పోగొట్టుకొంటుంది; మిగిలేది చిన్న చేతి చక్రమూ, మోటారులోని ఇరుసూ మాత్రమే. ఆ లోటును భర్తీ చేయవలసిన భారం మోటారు మీద, అంతకన్నా ఎక్కువగా పెడలు మీద పడుతుంది.

సింగర్ సంస్థ విద్యుత్ మోటారుతో నడిచే కుట్టు మిషనును మొదట 1889లో తెచ్చింది. ఇళ్లలోని మిషన్లకు స్థిరపడిన మోటారు యూనివర్సల్ మోటారు; ఏకాంతర విద్యుత్తు మీదా ఏకముఖ విద్యుత్తు మీదా కూడా తిరుగుతుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. ఏకాంతర విద్యుత్తు అంటే సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున దిశ మార్చుకొంటూ ఇంటి గోడ ప్లగ్గులోకి వచ్చేది, ఏకముఖ విద్యుత్తు అంటే బ్యాటరీ ఇచ్చేది. ఈ మోటారులో కదలకుండా ఉండే తీగచుట్టలూ, మధ్యలో తిరిగే ఆర్మేచర్ మీది తీగచుట్టలూ ఒకే వరుసలో కలిసి ఉంటాయి. విద్యుత్తు దిశ మారినప్పుడు రెండింటి అయస్కాంత ధ్రువాలూ ఒకేసారి తారుమారవుతాయి గనుక వాటి మధ్య తోపుడు దిశ మారదు. తిరిగే భాగానికి విద్యుత్తు అందించడానికి రాగి ముక్కలు పేర్చిన కమ్యుటేటర్ అనే కంకణం మీద రెండు కర్బన బ్రష్షులు స్ప్రింగు ఒత్తిడితో రాసుకొంటూ ఉంటాయి. పాత మోటారు రంధ్రాల్లోంచి కనిపించే నీలి మెరుపులు ఈ బ్రష్షుల దగ్గర పుట్టేవే.

చుట్టలు వరుసలో ఉండడం వల్ల ఈ మోటారుకు ఒక మంచి లక్షణం అబ్బింది. ఆర్మేచర్ తిరుగుతున్నకొద్దీ అందులో సరఫరాను ఎదిరించే మరో వోల్టేజి పుడుతుంది; దీన్ని వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం అంటారు. వేగం తగ్గితే ఈ ఎదురు కూడా తగ్గి, తీగల్లో విద్యుత్తు పెరిగి, దానితోపాటు తిప్పే బలం పెరుగుతుంది. అంటే ఈ మోటారు స్వభావరీత్యా నిదానంలోనే బలమైనది, బరువు ఎక్కేకొద్దీ గట్టిగా పట్టేది. మరి వాడుకలో అది నిదానంలో చతికిలబడుతోందంటే తప్పు చాలా సందర్భాల్లో మోటారుది కాదు, దానికీ గోడకూ మధ్య కూర్చున్న పెడలుది.

పాత పెడలు మూత విప్పి చూస్తే ఈ మాట రుజువవుతుంది. ఇనుప పెట్టె లోపల తెల్లటి పింగాణీ దిమ్మె, దానిలో తొలిచిన రంధ్రాల్లో రూపాయి నాణేల దొంతరలాగా పేర్చిన పలుచటి నల్ల కర్బన బిళ్లలు ఉంటాయి. బిళ్లలు వదులుగా తాకినప్పుడు వాటి మధ్య నిరోధం, అంటే విద్యుత్తును అడ్డుకొనే గుణం, ఎక్కువ. పాదం నొక్కేకొద్దీ అవి ఒకదానికొకటి బిగుసుకొని నిరోధం తగ్గి, మోటారుకు ఎక్కువ విద్యుత్తు పోతుంది. పూర్తిగా నొక్కినప్పుడు ఒక లోహపు పట్టీ బిళ్లలన్నింటినీ దాటవేసి మోటారును నేరుగా సరఫరాకు కలుపుతుంది. నొక్కుడుకు అనుగుణంగా మెత్తగా స్పందించే ఈ ఉపాయం నిజంగా అందమైనది, కాని దానికి రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది వేడి: పెడలు దగ్గర 100 వోల్టులు ఆగిపోతూ 0.3 ఆంపియర్ల విద్యుత్తు పోతుంటే 30 వాట్ల శక్తి పాదం కింద ఊరికే వేడిగా మారుతుంది. రెండవది అంతకన్నా ముఖ్యమైనది. సూది మందమైన అతుకును తాకి మోటారు నెమ్మదించగానే అది ఎక్కువ విద్యుత్తు లాగబోతుంది. అలా లాగిన విద్యుత్తు పెడలులోని నిరోధం గుండానే రావాలి గనుక అక్కడ పడిపోయే వోల్టేజి పెరిగి మోటారుకు దక్కేది తగ్గుతుంది. సాయం కావలసిన క్షణంలోనే సాయం తగ్గిపోతుందన్నమాట. దర్జీ ఇంకా గట్టిగా నొక్కుతాడు, బిళ్లలు బిగుసుకొంటాయి, ఈలోగా సూది అతుకును దాటుతుంది, అడ్డు తొలగిన మిషను ఒక్కసారిగా దూకి అక్కరలేని నాలుగు కుట్లు వేసేస్తుంది. మెడ వంపు పాడయ్యేది ఇక్కడే.

పాత పెడలులో మరో చిన్న భాగం గురించి విడిగా చెప్పక తప్పదు. బ్రష్షుల మెరుపుల వల్ల ఇంట్లోని రేడియోలో గరగర వినిపించకుండా, కొన్ని పెడళ్లలో వేలి కణుపంత కెపాసిటరు ఒకదాన్ని తొక్కుడు మీటకు అడ్డంగా కలిపేవారు. మైనం పట్టించిన కాగితాన్ని రెండు లోహపు రేకుల మధ్య చుట్టి తయారుచేసిన ఆ భాగం దశాబ్దాలు గడిచాక పగుళ్లు బారి, గాలిలోని తేమను పీల్చుకొని, విద్యుత్తును ఆపవలసినది తానే దారి ఇవ్వడం మొదలుపెడుతుంది. అప్పుడు పెడలు మీద ఎవరూ కాలు పెట్టకపోయినా మిషను దానంతటదే నెమ్మదిగా తిరుగుతుంది, లేదా గూం అని మూలుగుతూ పెడలు వేడెక్కుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు గాని, ఇది సూది కింద వేలు ఉన్న సమయంలో జరిగితే ప్రమాదం, ప్లగ్గు తీయకుండా వదిలిన రాత్రి జరిగితే అగ్నిప్రమాదం. ఏడాదిలో ఎక్కువ కాలం చెమ్మగా ఉండే ఈ దీవుల్లో అటువంటి కెపాసిటరును పరీక్షిస్తూ కూర్చోవడం కన్నా తీసివేసి, సరఫరా తీగల మధ్య వాడేందుకు ప్రత్యేకంగా తయారయ్యే కొత్త రకాన్ని పెట్టించడమే తెలివైన పని.

పెడలు సమస్యకు సరైన పరిష్కారం అర్ధవాహకాల నుంచి వచ్చింది. 1950ల చివర థైరిస్టరూ, ఆ తరవాతి దశాబ్దంలో దాని వారసురాలైన ట్రయాక్ అనే మీటా వాడుకలోకి వచ్చాయి. ట్రయాక్‌కు కదిలే భాగాలు లేవు. ఒక చిన్న సంకేతం అందగానే తెరుచుకొని, ఏకాంతర విద్యుత్తు సున్నాకు చేరిన ప్రతిసారీ తనంతట తానే మూసుకొంటుంది. సెకనుకు 50 ఆవృత్తులు కనుక నూరు అర్ధతరంగాలు; ప్రతి అర్ధతరంగంలో మీటను ఎంత ఆలస్యంగా తెరిస్తే మోటారుకు అంత తక్కువ వాటా అందుతుంది. కుళాయిని సగం తిప్పి ధారను సన్నం చేయడం పాత పద్ధతి అయితే, నిండు ధారను సెకనుకు నూరుసార్లు తెరిచి మూయడం కొత్త పద్ధతి. మోటారుకు వరుసలో నిరోధం లేదు కాబట్టి సూదికి అడ్డు తగిలినప్పుడు కావలసిన అదనపు విద్యుత్తు వెంటనే అందుతుంది, మోటారు తన సహజ గుణంతో గట్టిగా పడుతుంది. వేడిగా వృథా అయ్యేదీ బాగా తగ్గుతుంది. కొన్ని పెడళ్లు వ్యతిరేక విద్యుచ్ఛాలక బలాన్ని కొలిచి, వేగం పడిపోతే తామే మీటను ముందుగా తెరిచే ఏర్పాటుతో వస్తాయి. ఇంట్లో ఉన్న మోటారు బాగానే ఉంటే, ముందు ఈ పెడలు ఒక్కటే మార్చి చూడడం మేలు. తక్కువ డబ్బుతో ఎక్కువ తేడా తెచ్చే మార్పు ఇదే. ప్లగ్గు అమరికా, మోటారు వాట్లూ పెడలు సామర్థ్యానికి సరిపోవాలన్నదే షరతు.

మోటారునే మార్చవలసి వచ్చినప్పుడు కొనుగోలుదారు దృష్టి వాట్ల అంకె మీదికి పోతుంది. ఆ అంకె సాధారణంగా గోడ నుంచి లాగే శక్తిని చెబుతుంది, ఇరుసు మీద దక్కే బలాన్ని కాదు. చిన్న యూనివర్సల్ మోటార్లలో తీసుకొన్న శక్తిలో సగం కూడా ఇరుసుకు చేరదు. విదేశాల నుంచి వచ్చిన పాత మోటారు మీద 110 వోల్టులు అని ఉంటే దాన్ని మన 230 వోల్టుల సరఫరాకు నేరుగా తగిలించకూడదు, క్షణాల్లో కాలిపోతుంది. వాట్ల కన్నా ముందు చూడవలసింది చక్రాల నిష్పత్తి. మోటారు కప్పీ వ్యాసం 1.5 సెంటీమీటర్లు, చేతి చక్రపు గాడి 7 సెంటీమీటర్లు అయితే, నిమిషానికి 5000 చుట్లు తిరిగే మోటారు సుమారు 1070 కుట్లు వేయిస్తుంది. చేతి చక్రం స్థానంలో ఇంకా పెద్దదీ బరువైనదీ బిగిస్తే గరిష్ఠ వేగం తగ్గుతుంది, తిప్పే బలం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, పోయిన గతిజశక్తి నిలవలో కొంత తిరిగి వస్తుంది. ఇంటి పనికి చేసిన పాత మిషన్ల బేరింగులు నిమిషానికి వెయ్యి కుట్ల స్థాయికి ఉద్దేశించినవి కాబట్టి, పెద్ద మోటారు పెట్టి వాటిని అంతకు మించి పరుగెత్తించడం వల్ల అరుగుదల తప్ప లాభం లేదు.

బజార్లలోని దర్జీ దుకాణాల్లో పెద్ద బల్లలకు బిగించిన పారిశ్రామిక మిషన్ల సంగతి వేరు. వాటి కింద ఉండేది క్లచ్ మోటారు: కుట్టినా కుట్టకపోయినా నిరంతరం పూర్తి వేగంతో తిరిగే ప్రేరణ (ఇండక్షన్) మోటారు అది, పెడలు నొక్కినప్పుడు క్లచ్ పలకలు తాకి ఆ వేగం మిషనుకు అందుతుంది. దర్జీ బట్ట సర్దుకొనే సమయం, దారం ఎక్కించుకొనే సమయం, కొలతలు చూసుకొనే సమయం అంతా మోటారు ఊరికే తిరుగుతూ విద్యుత్తు తింటుంది. దీనికి బదులుగా వస్తున్నది సర్వో మోటారు. దాని ఇరుసు మీద శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, బ్రష్షులు ఉండవు. 230 వోల్టుల సరఫరాను దాని నియంత్రణ పెట్టె మొదట సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, ఇరుసు ఏ కోణంలో ఉందో గ్రాహకాల ద్వారా తెలుసుకొంటూ చుట్టలకు వంతులవారీగా అందిస్తుంది. పెడలు నొక్కితేనే తిరుగుతుంది, ఒక్కొక్క కుట్టుగా నడుస్తుంది, స్థానసూచిక అమర్చుకొంటే ఆగినప్పుడు సూదిని కిందికో పైకో నిలుపుతుంది.

దీవుల్లో ఈ తేడా ఎక్కువగా తెలుస్తుంది. చెన్నై నుంచి సముద్రగర్భం గుండా సుమారు 2300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ తీగ 2020 ఆగస్టులో ప్రారంభమైనా, విద్యుత్తును మోసుకొచ్చే తీగ మాత్రం ప్రధాన భూభాగం నుంచి లేదు. ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్ వాగు మీది 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, శ్రీ విజయపురం పరిసరాల్లో బ్యాటరీ నిలవతో 2020లో ఏర్పడిన 20 మెగావాట్ల సౌర కేంద్రం వంటివి కొంత భారం మోస్తున్నా, ఎక్కువ విద్యుత్తు ఇప్పటికీ డీజిల్ జనరేటర్ల నుంచే వస్తోంది. ఒక యూనిట్ విద్యుత్తుకు లీటరులో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ డీజిలు కాలుతుంది. 100 వాట్ల ఇంటి మోటారు రోజు మొత్తం మీద అయిదు గంటలు తిరిగితే అర యూనిట్, అంటే ఓడలో దిగుమతైన డీజిలు ఒక చిన్న టీ గ్లాసెడు. ఒక్క మిషనుకు అది లెక్కలోకి రాదు. రోజంతా ఖాళీగా తిరిగే క్లచ్ మోటార్ల బజారుకు తప్పకుండా వస్తుంది.

చిన్న గ్రిడ్డుకు మరో స్వభావం ఉంది: ఒక పెద్ద యంత్రం ఎక్కినా దిగినా వోల్టేజి, ఒక్కోసారి ఆవృత్తి కూడా, పెద్ద గ్రిడ్డులో కన్నా ఎక్కువగా ఊగుతుంది. ప్రేరణ మోటారు వేగం ఆవృత్తిని అనుసరిస్తుంది, దాని బలం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. వోల్టేజి పది శాతం తగ్గితే బలం దాదాపు అయిదో వంతు పోతుంది. యూనివర్సల్ మోటారుకు ఆవృత్తి పట్టదు, వోల్టేజి పడిపోతే కాస్త నెమ్మదిస్తుంది, దాన్ని పాదం సరిచేసుకోగలదు. సర్వో మోటారు తన వేగాన్ని తానే కొలుచుకొని నిలబెట్టుకొంటుంది. కాని దాని నియంత్రణ పెట్టె సున్నితమైనది, వోల్టేజి ఎగిసినప్పుడు మొదట పోయేది అదే, పోతే దీవిలో దొరకని భాగమూ అదే. అందువల్ల ఇంటి కాలి మిషనుకు యూనివర్సల్ మోటారూ ట్రయాక్ పెడలూ, దుకాణంలో రోజంతా నడిచే బల్లకు వోల్టేజి రక్షణతో సర్వో మోటారూ తగినవిగా తోస్తాయి. ఇన్వర్టరు మీద నడపదలిస్తే సైన్ తరంగం ఇచ్చే రకమే కావాలి, ఎందుకంటే చతురస్ర తరంగం మీద ట్రయాక్ పెడళ్లు కొన్ని తడబడతాయి.

ఉప్పుగాలి సంగతి రసాయనశాస్త్రంలో సూటిగా తేలుతుంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, గాలిలోని సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దాటితే తేమను పీల్చి తానే ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతమే చాలు. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన, రెండు రుతుపవనాలూ తగిలే ఈ దీవుల్లో ఆర్ద్రత 75 శాతానికి పైన ఉండడమే ఎక్కువ. కనుక సముద్రపు తుంపరల నుంచి వచ్చి మిషను మీద వాలిన ఉప్పు రేణువు పొడి దుమ్ముగా ఉండదు, కంటికి కనిపించని ఉప్పునీటి పొరగా ఉంటుంది. ఇనుము మీద ఆ పొర తుప్పు. కమ్యుటేటర్ రాగి మీద పచ్చని చిలుము. తీగల పైపూత మీద, బ్రష్షుల పట్టుల మీద విద్యుత్తుకు దొంగదారి. వాన రోజుల్లో మిషను లోహపు భాగం తాకితే చేతికి సన్నగా జిల్లుమనడం ఈ దొంగదారికి గుర్తు. దాన్ని సహజమని సరిపెట్టుకోవడం చాలా తప్పు.

ఎలక్ట్రీషియన్లు మెగ్గర్ అని పిలిచే పరికరంతో 500 వోల్టుల దగ్గర మోటారు తీగలకూ మిషను ఇనుముకూ మధ్య నిరోధం కొలిస్తే ఈ సంగతి అంకెల్లో బయటపడుతుంది. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వచ్చిన మోటారును ఆరబెట్టి మళ్లీ కొలవాలి, అప్పటికీ పెరగకపోతే పక్కన పెట్టాలి. రబ్బరు తొడుగు పెళుసెక్కి వంచగానే రాలిపోయే పాత తీగలను మార్చకుండా కొత్త పెడలు తగిలించడం అర్థం లేని పని. పాత మోటార్లకు రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి మిషను తలనూ ఇనుప స్టాండునూ భూమికి కలపడం, 30 మిల్లీఆంపియర్ల తేడాకే సరఫరా తెంచే రక్షణ స్విచ్చును ఇంట్లో పెట్టించడం, తడి నేల మీద ఉత్త కాళ్లతో కూర్చొని కుట్టే ఇళ్లలో మోటారు కన్నా ముందు చేయవలసిన ఖర్చులు. మోటారు లోపలికి మిషను నూనె పోయడం మరో అలవాటైన పొరపాటు: నూనె కమ్యుటేటర్‌కు చేరితే కర్బనం పొడితో కలిసి విద్యుత్తును పోనిచ్చే నల్లని జిడ్డు అవుతుంది. నూనె మిషను తలకు. మోటారు బేరింగులకు తయారీదారు చెప్పిన చోట మాత్రమే చుక్కో, గ్రీజో.

బిగించే పని కష్టమైనది కాదు. చాలా పాత మిషన్ల తల వెనుక, చేతి చక్రం దగ్గర, మరలు దిగే బొడిపె పోతలోనే ఉంటుంది. మోటారు పట్టీ దానికే బిగుస్తుంది. అది లేని తలలకు మోటారును బల్ల అడుగున అమర్చాలి. మోటారు కప్పీ, చేతి చక్రపు గాడి ఒకే గీతలో ఉన్నాయో లేదో ఒక స్కేలు ఆనించి చూడాలి. బెల్టు మధ్యలో వేలితో నొక్కితే సెంటీమీటరు దాకా లోపలికి పోవాలి. బిగుతు ఎక్కువైతే మోటారు బేరింగు అరుగుతుంది, మోటారు తన బలాన్ని బెల్టును లాగడానికే ఖర్చు చేస్తుంది. మొదటి పరీక్ష దారం లేకుండా, బట్టను అదిమే మిషను పాదం ఎత్తి, చేతి చక్రాన్ని చేత్తో తిప్పి చేయాలి. అక్కడ బరువుగా అనిపిస్తే తలలోని ఎండిన నూనె తుడిచి కొత్త నూనె వేయడమే మందు, ఏ మోటారూ కాదు. తరవాత జీన్స్ గుడ్డ నాలుగు మడతలు వేసి, పెడలును వీలైనంత సన్నగా నొక్కి, సూది ఒక్కొక్కటిగా దిగుతోందో లేదో చూడాలి.

పాత ఇనుప స్టాండును తీసి అమ్మివేయకుండా ఉంచుకొన్న ఇళ్లకు మరొక సౌకర్యం మిగులుతుంది. విద్యుత్తు పోయినప్పుడు మోటారు బెల్టు చేతి చక్రం నుంచి తప్పించి, తోలు బెల్టును గాడిలో వేసి తొక్కవచ్చు. మోటారు బెల్టును తప్పనిసరిగా తీయాలి, ఎందుకంటే అది తగిలి ఉంటే కాలు మోటారు ఇరుసును కూడా తిప్పవలసి వస్తుంది. చక్రాల నిష్పత్తి వర్గం చొప్పున, అంటే ఇరవై రెట్లకు పైగా, ఆ చిన్న ఇరుసు జడత్వం చేతి చక్రం మీద పడుతుంది. వానాకాలంలో తోలు బెల్టు బూజు పట్టి సాగుతుంది కాబట్టి దాన్ని గుడ్డలో చుట్టి పొడిచోట ఉంచి, సాగినప్పుడు అంగుళంలో నాలుగో వంతు కోసి, ఇనుప తీగ కొక్కేన్ని కొత్త రంధ్రంలో మళ్లీ దిగ్గొట్టుకోవాలి.